ఎర్రమట్టి దిగుడు

కొండ నడకలు నడిపే కంపెనీ ఆఫీసులో ఖోయ్ ఫోను తెరను ఇటు తిప్పి, బల్ల మీదుగా షువా ముందుకు తోశాడు.

"చదువు."

షువాకి దారిలో మాట్లాడుతూ అబ్బిన ఇంగ్లీషే తప్ప అక్షరాలు రావు. ఆ సంగతి ఖోయ్‌కి తెలుసు. అయినా ఆమె చూపు తెర మీద పెట్టేదాకా ఆగాడు. అక్షరాల పైన ఒక ఫొటో ఉంది. ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన నవ్వుతున్నాడు. ఆయన భుజం వెనక, వీపున బుట్టతో, సగం మొహం కనిపించేట్టు కియా కూడా నవ్వుతోంది. కియా షువాకి తోడికోడలు. షువా బావగారి భార్య.

"నేనే చెప్తాలే," అన్నాడు ఖోయ్ ఫోను వెనక్కి లాక్కుని. "ఆడవాళ్ళు రోడ్డు మలుపు నుంచి వెంటపడ్డారంట. అడక్కుండానే చేతులు పట్టుకున్నారంట. కిందికి దిగాక సంచులు కొనేదాకా వదల్లేదంట. నడకంతా పాడైపోయిందంట. ఐదు చుక్కలకి ఒక్క చుక్క ఇచ్చాడు."

"కియక్క పట్టుకోకపోతే ఆయన పడిపోయేవాడన్నా. రెండుసార్లు జారాడు."

"పడ్డాడా?"

"పడలేదు."

"మరింకేం? పడితే పడ్డానని రాసేవాడు. పడలేదు గనక ఇది రాశాడు." ఖోయ్ టీ గ్లాసు మూత తీసి ఆవిరి ఊదాడు. "ఇవాళ్టి నుంచి మన గుంపు వెనకాల ఒక్క బుట్ట కనబడకూడదు. కనబడిందా, నీ మెడలో కార్డు ఈ బల్ల మీద ఉంటుంది. వాళ్ళు మీ ఊరివాళ్ళేగా. నువ్వే చెప్పుకో."

షువా చేయి తనకు తెలీకుండానే మెడలో కార్డు మీదికి పోయింది. ఆ కార్డుంటే గుంపుకి ముందు నడవచ్చు, నెలకింతని జీతం ఉంటుంది. లేకపోతే మళ్ళీ బుట్ట తగిలించుకుని ఎవరు కొంటారా అని గుంపు వెనకాల నడవాలి. రెండేళ్ళ కిందటిదాకా ఆమె అలాగే నడిచింది.

"సరేనన్నా," అంది.

సిమెంటు రోడ్డు అయిపోయే మలుపు దగ్గర వ్యాను ఆగింది. నడకకొచ్చిన తెల్లవాళ్ళు ఎనిమిదిమంది దిగి నడుముకి పట్టీలు బిగించుకుంటున్నారు. మలుపులో రాయి మీదా, రాయి పక్కనా ఆరుగురు ఆడవాళ్ళున్నారు. అందరి వీపున బుట్టలు, కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులు, పిక్కలకు చుట్టిన నల్లగుడ్డలు. అందరి చేతుల్లోనూ నారపోగులే. నిలబడ్డా కూర్చున్నా వేళ్ళు మాత్రం పోగు చివర పోగు కలిపి మెలివేస్తూనే ఉన్నాయి.

"వచ్చిందమ్మా మెడలో పలుపుతో," అంది కియా. రోజూ అనే మాటే. అందరూ నవ్వారు.

"అక్కా, ఇవాళ మీరు రావద్దు. ఆఫీసు వద్దంది."

"ఏ ఆఫీసు? దానికి కాళ్ళున్నాయా? ఈ దిగుడు ఎప్పుడన్నా దిగిందా?"

"నాతో వాదించకు. మా గుంపు వెంట బుట్టలు ఉండకూడదంట. అంతే."

"మా పొలానికి మేం పోకూడదా?" అంది పావ్ అవ్వ. అందరిలోకీ పెద్దది. నోట్లో పైపళ్ళు రెండే ఉన్నాయి. "అడుగు, మీ ఆఫీసుని. పొలానికి ఎగిరి పోవాలా?"

"పోండవ్వా. వాళ్ళ చేతులు మాత్రం పట్టుకోవద్దు."

"మేం పట్టుకోకపోతే నువ్వు పట్టుకుంటావా ఎనిమిదిమందినీ?" కియా పోగు కొనను పళ్ళతో కొరికి తెంపింది. "సాలెపురుగువా నువ్వు?"

మళ్ళీ నవ్వులు. గుంపులో ఇద్దరు ముగ్గురు ఇదేదో తమకు పలికే స్వాగతం అనుకుని చేతులూపారు. షువా ముందు నడిచింది. వెనక్కి చూడకపోయినా, ఎనిమిది జతల బూట్ల చప్పుడు వెనక ప్లాస్టిక్ చెప్పుల చప్పుడు ఆమెకు వినబడుతూనే ఉంది.

వెదురు పొద దాటగానే దిగుడు మొదలవుతుంది. రెండు రోజులుగా వాన లేదు. అయినా ఎర్రమట్టి లోపల తడి ఆరదు. కొండవైపు నిట్టనిలువు మన్ను, ఇవతలవైపు మడుల గట్లు, మధ్యలో మనిషి వెడల్పు దారి. అక్కడికి రాగానే ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు ఒక్కొక్కరి పక్కకు చేరారు. ఎప్పుడూ జరిగేది అదే. గట్టువైపు తాము, కొండవైపు అతిథి. చెప్పును అడ్డంగా మట్టిలో గుచ్చి, మడమ దిగిందో లేదో చూసుకుని, అప్పుడు చెయ్యి చాపుతారు.

గుంపులో ఉంగరాల జుట్టు పిల్ల ఒకతె ఉంది. కియా ఆ పిల్ల ముందు చెయ్యి చాపింది. ఆ పిల్ల పట్టుకోబోయింది.

షువా వెనక్కి తిరిగింది. ఇంగ్లీషులో, అందరికీ వినబడేట్టు, "వాళ్ళ చేతులు పట్టుకోకండి," అంది. "పట్టుకుంటే కింద ఏదో ఒకటి కొనమని వెంటపడతారు. వీళ్ళు మా మనుషులు కారు."

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పటికే కియా వేళ్ళు తగిలినట్టున్నాయి, చూపుడువేలి మీద గుడ్డలకద్దే నీలిమందు మరక అంటింది. దాన్ని ప్యాంటుకి తుడుచుకుంది.

కియా చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే నడుముకు దోపుకున్న నారకట్ట లాగి ఒక పోగు తీసింది. ఆ మాటలు ఆమెకు బాగానే అర్థమయ్యాయి. షువాకి ఇంగ్లీషు మాటలు నేర్పింది ఆమే.

తిడతారని షువా అనుకుంది. పావ్ అవ్వ నోరు తెరిస్తే లోయ అవతలి ఊరికి వినబడుతుంది. కానీ ఆరుగురూ ఒకరి వెనక ఒకరు తిరిగి పైకి ఎక్కిపోయారు. వెదురు పొద దాటేదాకా బుట్టల వెనకభాగాలు కనిపించాయి.

ఎనిమిదిమందీ క్షేమంగానే దిగారు. ఒకాయన కూర్చుని జారుతూ దిగి, మట్టైన ప్యాంటు చూపించి తనే నవ్వాడు. భోజనాల దగ్గర ఖోయ్ ఫోను చేశాడు.

"ఎవరన్నా వచ్చారా?"

"లేదు."

"చూశావా? ఒక్క మాట చెప్తే సరిపోయేదానికి నువ్వు ఇన్నాళ్ళూ నాన్చావు."

*

షువా మొగుడూ కియా మొగుడూ అన్నదమ్ములు, ఇద్దరి ఇళ్ళకీ వాకిలి ఒకటే. చూరు కింద తిరగలి కూడా ఒకటే. పై నుంచి తాళ్ళతో వేలాడే అడ్డకర్ర పట్టుకుని ఒకరు ముందుకూ వెనక్కీ తోస్తుంటే, రాయి తిరుగుతుంటే, ఇంకొకరు పక్కన నిలబడి కంతలో పిడికెడు పిడికెడు మొక్కజొన్న గింజలు పోస్తుండాలి. అది ఇద్దరు చేసే పని.

షువా ఇంటికి వచ్చేసరికి కియా ఒక్కతే విసురుతోంది. నాలుగు చుట్లు తోసి ఆగుతోంది. కర్ర వదిలి, ఇటు వచ్చి, గింజలు పోసి, మళ్ళీ అటు పోయి తోస్తోంది. అత్త గడప మీద కూర్చుని కండెలు వలుస్తోంది.

షువా చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, గింజల చేట దగ్గరికి వచ్చింది.

"నేను పోస్తానక్కా."

"వద్దమ్మా. నీ చెయ్యి తగిలితే నేనేదన్నా కొనాల్సి వస్తుందేమో."

"అక్కా..."

"నేను మీ మనిషిని కాదుగా."

అత్త వలుస్తున్న కండెను ఒళ్ళో పెట్టుకుంది. "ఏమైందే మీకు?"

"నీ చిన్న కోడలు తెల్లోళ్ళ ముందు మమ్మల్ని దొంగల్ని చేసింది," అంది కియా కర్ర ఆపకుండానే. "ఇంకేం కాలేదు."

"ఆఫీసు చెప్పమంది, చెప్పాను. నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

ఇప్పుడు కర్ర ఆగింది. కియా ఇటు తిరిగింది. పిండి ధూళి పడి కనుబొమలు తెల్లగా ఉన్నాయి.

"ఆఫీసు మాతో చెప్పమంది. మలుపులో చెప్పావు. సరే, తిట్టుకున్నాం, వెంట వచ్చాం, అది మన గొడవ. ఆ పిల్లతో ఎందుకు చెప్పావే? మా చెయ్యి పట్టుకోవద్దని దానితో, దాని భాషలో చెప్పమని కూడా ఆఫీసు చెప్పిందా?"

ఆఫీసు ఆ మాట చెప్పలేదు. ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే, మీరు నా మాట వినలేదు కాబట్టి అనాలి. షువా గింజల చేట మీద చెయ్యి వేసింది.

"ఇద్దరూ ఇట్లా నిలబడితే పొద్దున తినేదేంటి?" అంది అత్త. "పొయ్యవే షువా. నువ్వు తొయ్యవే."

"ఆమె పోస్తే నేను తొయ్యను."

అత్త వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, కండె తీసుకుని మళ్ళీ వలవడం మొదలుపెట్టింది. కియా పోసింది. తోసింది. ఆగింది. పోసింది. షువా లోపలికి పోయి పొయ్యి రాజేసింది. కొండకు అవతల హోటలు పునాదుల్లో రాళ్ళు మోస్తున్న మొగుడు వారానికోసారి వస్తాడు. మాట్లాడడానికి ఇంట్లో ఎవరూ లేరు. చాలాసేపటిదాకా తిరగలి చప్పుడు ముక్కలు ముక్కలుగా వినబడుతూనే ఉంది.

*

మర్నాడు గుంపు లేదు. ఆ మర్నాడు తెల్లారకముందు నుంచే వాన.

"వానైతే ఏంటి? వానకోట్లు ఇచ్చాంగా," అన్నాడు ఖోయ్.

తొమ్మిదిమంది. అందులో మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక పెద్దావిడ, ఆమె మొగుడు, మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న ఒక భారీ మనిషి ఉన్నారు. మలుపులో రాయి మీద ఎవరూ లేరు. షువా పొదలోంచి తొమ్మిది వెదురుకర్రలు నరికి, కణుపులు చెక్కి, తలొకటి ఇచ్చింది. కర్ర ఉంటే చెయ్యి అక్కర్లేదని తనకు తానే చెప్పుకుంది.

దిగుడు మొదట్లోనే తెలిసిపోయింది. కర్ర మట్టిలో దిగేది దిగినట్టే ఇరుక్కుపోతోంది. లాగబోతే మనిషి తూలుతున్నాడు. షువా కర్రలు పక్కన పడేయించింది. తొమ్మిదిమందినీ పైన నిలబెట్టి, ఒక్కొక్కరినీ దించసాగింది. వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోవాలి. తన చెప్పు అడ్డంగా గుచ్చాలి. అవతలి మనిషి బూటు తన చెప్పు వెనక ఆనాలి. చిన్న అడుగు, ఇంకో చిన్న అడుగు. రాయి కట్టిన చదును దగ్గర వాళ్ళని నిలబెట్టి మళ్ళీ పైకి ఎక్కాలి. ఎక్కేటప్పుడు నాలుగు కాళ్ళ మీద ఎక్కింది.

మూడో మనిషిని దించుతున్నప్పుడు కింద మడిలో ఆరుగురి వీపులు చూసింది. ఇవాళ కియా పొలంలో నాట్లు. వంతుల పని. ఆరుగురూ పిక్కల్లోతు నీళ్ళలో, నడుముకి ప్లాస్టిక్ కాగితాలు చుట్టుకుని, నారుకట్టలు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. పై మడి కియావాళ్ళది. దాని కిందదే షువా మడి. అక్కడ నాట్లు పడి నాలుగు రోజులైంది.

ముందు పావ్ అవ్వ నడుమెత్తింది. తర్వాత మిగతావాళ్ళు. నారుకట్టల నుంచి నీళ్ళు కారుతుండగా ఆరుగురూ నిలబడి దిగుడు వైపు చూశారు.

పైన ఉన్నవాళ్ళు కూడా వాళ్ళను చూశారు. పెద్దావిడ మొగుడు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "హలో! కాస్త వస్తారా? సాయం!" అని అరిచాడు.

కియా కూడా నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది. "సారీ సార్! చెయ్యి పట్టుకోకూడదు! మీ గైడు రూలు!"

మడిలో నవ్వులు లేచాయి. కాసేపటికి ఆగిపోయాయి. కానీ వాళ్ళు మళ్ళీ వంగలేదు. అలాగే నిలబడి చూస్తున్నారు. షువా దిగడం, ఎక్కడం, దిగడం. తల మీంచి వాన కారి కళ్ళలో పడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పైన నిలబడ్డవాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు. ఇంతసేపు పడుతుందని ముందే చెప్పొద్దా, అంది ఒకామె.

ఆరో మనిషి మోకాలి పట్టీ ఆవిడ. సగం దిగాక ఆమె కాలు వణికింది. షువా రెండు చేతులతో ఆమెను పట్టుకుని ఆగింది. "నన్ను వదలకు," అందావిడ.

"వదలను."

అప్పుడే పైన భారీ మనిషికి ఓపిక పోయింది. పక్కన మడి గట్టు చదునుగా, పచ్చగడ్డితో, అడుగు పెట్టడానికి ఎంతో బాగున్నట్టు కనబడింది. దిగుడు వదిలేసి గట్టు మీదికి దిగాడు.

"అటు కాదు! గట్టు మీద కాదు!"

ఆయన ఇటు తిరిగి, పర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. రెండో అడుగుకి గట్టు కుంగింది. మనిషి చతికిలబడ్డాడు. ఆయన కింది మన్ను ఊడి, పెద్ద గడ్డలుగా పక్కకు జారింది. పై మడి నీళ్ళు ముందు సన్నగా, తర్వాత మూరెడు వెడల్పున, ఎర్రగా కింది మడిలోకి దూకాయి.

ఆరుగురూ నారుకట్టలు విసిరేసి పరిగెత్తారు. ఎవరూ మనిషి వైపు పోలేదు. కియా వస్తూనే గండిలో వెనక్కి తిరిగి కూలబడింది. కాళ్ళు గట్టుకి తన్నిపెట్టి, వీపుతో నీళ్ళని ఆపింది. నీళ్ళు ఆమె భుజాల దాకా లేచాయి. మిగతావాళ్ళు రెండు చేతులా మన్ను తోడి ఆమె చుట్టూ వేస్తున్నారు, కాళ్ళతో తొక్కుతున్నారు. "రాయి! రాయి అందుకోండే!" పావ్ అవ్వ అరుస్తోంది. భారీ మనిషి కెమెరా పైకెత్తి పట్టుకుని, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి వచ్చేపోయేవాళ్ళందరి వైపూ చాపుతున్నాడు. ఎవరూ అందుకోలేదు.

దిగుడు మధ్యలో షువా కదల్లేదు. కదిలితే పెద్దావిడ పడుతుంది. ఆమె మణికట్టు రెండు చేతులా పట్టుకుని, తన మడిలో నాలుగు రోజుల నారు వేళ్ళతో సహా లేచి, నీళ్ళ మీద తిరుగుతూ కింది మూలకి పోవడం చూసింది. ఒక మూల నుంచి మొదలై సగం మడి ఖాళీ అయింది. పెద్దావిడ కూడా అటే చూస్తోంది.

"ఎవరిదమ్మా అది?"

"నాదే."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుందేమో, వేళ్ళు కాస్త సడలాయి. షువా పట్టు బిగించింది. "చిన్న అడుగు," అంది.

*

తొమ్మిదిమంది భోజనానికి చేరేసరికి మూడు దాటింది. సాయంత్రం షువా మిగిలిన నారు పీక్కొచ్చి తన మడిలో దిగింది. పై మడి గట్టు మీద కియా కొత్త మన్ను మీద అరచేత్తో నునుపు పెడుతోంది. బట్టలు తడారలేదు. వాన వెలిసింది.

షువా ఒక వరస నాటి, నడుమెత్తింది. "నువ్వు కూర్చోకపోతే మడంతా పోయేది."

"నీ మడి కోసం కూర్చోలేదు. నా నీళ్ళ కోసం కూర్చున్నాను." కియా తలెత్తలేదు. "రేపటిదాకా నీకు నీళ్ళు వదలను. ఈ గట్టు ఆరాలి."

"వేళ్ళు ఎండిపోతాయక్కా."

"కడవతో పోసుకో."

షువా ఇంకో వరస నాటింది. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. భోజనాలయ్యాక ఖోయ్ ఫోను చేసి, వచ్చినవాళ్ళు రెండు తిట్లు రాశారని, ఆడవాళ్ళు నిలబడి నవ్వారని రాశారని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి తనకు తోచిన ఉపాయం చెప్పాడు.

"ఖోయన్న మీ ఆరుగురికీ ఎర్ర కోట్లు ఇస్తాడంట. కంపెనీ పేరు ఉంటుంది. మీరు చేతులు పట్టుకోవచ్చు. బుట్టలు మాత్రం వద్దు. కింద భోజనం పెడతారంట."

కియా చెయ్యి గట్టు మీద ఆగింది. "జీతం?"

"భోజనం అన్నాడు."

"మా ఇంట్లో అన్నం లేదని చెప్పావా ఆయనకి?"

"నేనేం చెప్పలేదు. ఆయన చెప్పింది చెప్తున్నాను."

"ఎప్పుడూ అంతేగా నువ్వు." కియా లేచి, చేతులు నీళ్ళలో జాడించింది. "ఆయన చెప్పింది మాకు చెప్తావు. మాది ఆయనకి చెప్పవు." బుట్ట తగిలించుకుని గట్టు మీద కాకుండా, మడి నీళ్ళలోంచే చుట్టూ తిరిగి పైకి పోయింది.

కింది మూల కొట్టుకుపోయి పోగుపడ్డ నారులో పనికొచ్చే మొక్కల్ని ఏరుకుంటూ షువా వెలుతురు పోయేదాకా నాటింది. సగం మడిలో సగానికే సరిపోయాయి.

*

మర్నాడు మళ్ళీ ముసురు. సన్నగా, ఆగకుండా. ఖోయ్ స్వయంగా వ్యానులో వచ్చాడు, కోట్ల మూటతో. కాళ్ళకు పట్నపు తోలు బూట్లు. మలుపులో ఆరుగురూ ఉన్నారు, బుట్టలతో. ఇంకో కంపెనీ గుంపు పదింటికి వస్తుందని ఎవరో చెప్పారంట, దాని కోసం కాచుకున్నారు.

ఖోయ్ మూట విప్పి ఒక్కో కోటు ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. పావ్ అవ్వ వేళ్ళ మధ్య గుడ్డ నలిపి చూసింది.

"నీళ్ళు దిగుతాయా?"

"దిగవు," అన్నాడు ఖోయ్ సంతోషంగా.

"అయితే మా పంది గూటి మీద కప్పుతా."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎవరూ తొడుక్కోలేదు. కియా తన కోటు మడత విప్పకుండానే రాయి మీద పెట్టి, నారపోగు తీసింది.

ఖోయ్ మొహం ఎర్రబడింది. "వీళ్ళకి చెప్పు షువా. బుట్టలు దించి కోట్లు వేసుకుంటే రావచ్చు. లేదంటే ఇక్కణ్ణుంచి పొమ్మను."

వ్యాను పక్కన తొమ్మిదిమంది నిలబడి ఇదంతా చూస్తున్నారు. కొత్త గుంపు. వాళ్ళలో ఎవరికీ మొన్నటి సంగతి తెలీదు.

షువా ఆడవాళ్ళ వైపు చూసింది. తర్వాత గుంపు వైపు తిరిగింది. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పింది.

"ముందు దారి బాగా జారుతుంది. మీరు తొమ్మిదిమంది. నాకు రెండు చేతులే ఉన్నాయి. వీళ్ళు ఈ దారిలోనే పుట్టారు. వీళ్ళ చెయ్యి పట్టుకోండి, పడరు. కిందికి వెళ్ళాక బుట్టలు తీసి చూపిస్తారు, కొనమంటారు. మీ ఇష్టముంటే కొనండి. మొన్న నేను వేరేవాళ్ళకి, వీళ్ళ చేతులు పట్టుకోవద్దని చెప్పాను." ఒకసారి కియా వైపు చూసింది. "నేను అట్లా అనాల్సింది కాదు. వీళ్ళు మా మనుషులే."

ఆ చివరి మాటలు ఎందుకన్నదో గుంపులో ఎవరికీ అర్థం కాలేదు. మొహాలు చూసుకున్నారు. కియా వేళ్ళు పోగు మీద ఆగాయి.

ఖోయ్‌కి ఇంగ్లీషు బాగా వచ్చు. చెయ్యి చాపాడు. "కార్డు ఇటివ్వు."

షువా మెడలోంచి తాడు తీయబోతే అది చెవి వెండి రింగుకి చుట్టుకుంది. లాగితే రాలేదు. వంగి, తల పక్కకు వాల్చి, రెండు చేతులతో చిక్కు తీసుకుంది. అంతసేపూ ఖోయ్ చెయ్యి చాపే ఉన్నాడు. కార్డు అతని అరచేతిలో పెట్టింది. మెడ మీద తాడు ఒరుసుకున్న చోట గాలి తగిలింది.

"నేనే తీసుకెళ్తాను. ఈ దారి నాకు తెలీదా?" అని ఖోయ్ కార్డును చొక్కా జేబులో పెట్టుకుని, గుంపు వైపు తిరిగి నవ్వాడు. "రండి, వెళ్దాం. బుట్టలవాళ్ళు రాకూడదు."

కానీ అప్పటికే గుంపులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు పావ్ అవ్వ చెరోవైపూ చేరారు. ఒకాయన కియాని, "మీరు నాతో వస్తారా?" అని అడిగాడు. కియా ఆయన బూట్లు చూసింది, మొహం చూసింది, ఖోయ్‌ని చూడలేదు. తల ఊపింది. వెదురు పొద దాటేసరికి తొమ్మిదిమందికీ చేతులు దొరికాయి. ముగ్గురు ఆడవాళ్ళకి ఇద్దరేసి అతిథులు. ముందు నడవాల్సిన ఖోయ్‌కి ముందు చోటు మిగల్లేదు. వరస చివర నడిచాడు. ఎర్ర కోట్లు రాయి మీద తడుస్తున్నాయి.

షువా ఇల్లు కూడా ఆ దారినే. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఖాళీ చేతులతో ఖోయ్ వెనక నడిచింది.

దిగుడులో వరస మెల్లగా కదులుతోంది. గట్టువైపు ఆడవాళ్ళు, కొండవైపు అతిథులు. ఎవరూ అరవడం లేదు. "చిన్న అడుగు," అని అక్కడక్కడా వినబడుతోంది. ఖోయ్ మొదటి నాలుగడుగులు పక్కన గడ్డి పట్టుకుని దిగాడు. ఐదో అడుగుకి గడ్డి చేతిలోకి వచ్చేసింది.

కింది నుంచి కియా గొంతు వచ్చింది. తల తిప్పకుండానే, ఖోయ్‌కి రాని తమ భాషలో అంది. "కొత్తగా వరసలోకి వచ్చినదానికి మిగిలినవాళ్ళే దక్కుతారు. ఆ చివరివాణ్ణి నువ్వు చూసుకో."

"ఆయన ఆఫీసక్కా."

"అయితే బరువుంటాడు. చూసి పట్టుకో."

వరసలో నవ్వు పాకింది. పావ్ అవ్వ నవ్వుకి ఇద్దరు అక్కచెల్లెళ్ళూ ఊగిపోయి, మళ్ళీ నిలదొక్కుకున్నారు.

"ఏమంటోంది?" అన్నాడు ఖోయ్.

"దారి జాగ్రత్త అంటోంది."

"నేను నడవగలను."

ఒక అడుగు వేశాడు. తోలు బూటు కింద మట్టి తేలిపోయింది. ఒక మోకాలి మీద పడి, దొరికింది పట్టుకున్నాడు. అది షువా చొక్కా చెయ్యి. షువా తన చెప్పు అడ్డంగా గుచ్చి, మడమ దిగిందో లేదో చూసుకుని, వేళ్ళు కాకుండా మణికట్టు పట్టుకుంది. పైకి లాగింది. అతను లేచాడు. వదల్లేదు.

సగం దూరం దిగారు. ఖోయ్ గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. చిన్న అడుగు అని ఆమె చెప్పక్కర్లేకుండానే చిన్న అడుగులు వేస్తున్నాడు. మడుల దగ్గరికి వచ్చాక, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి జేబులోకి పోనిచ్చి కార్డు తీశాడు. తాడు కింద వేలాడుతోంది.

"ఇదిగో, తీసుకో," అన్నాడు గొంతు తగ్గించి, ముందువాళ్ళకు వినబడకుండా. "ఏదో కోపంలో అన్నాను. ముందు తీసుకో ఇది."

కార్డు అందించడానికి ఇటు తిరగబోయి, నిలదొక్కుకోవడానికి ఒక కాలు పక్కకు చాపాడు. అక్కడ నిన్న సాయంత్రం కియా అరచేత్తో నునుపు పెట్టిన మన్ను ఉంది. వేళ్ళ గీతలు ఇంకా కనబడుతున్నాయి.

షువా అతన్ని కొండవైపుకి లాగింది.

"అటు కాలు పెట్టకండి," అంది. "ఆ గట్టు ఇంకా ఆరలేదు."

అని, తను గట్టువైపుకి మారి నిలబడి, అతని రెండో చెయ్యి కూడా కార్డుతో సహా పట్టుకుని, కాలు కిందికి దించింది.